రద్దీ ఎంత... రుసుమెంత?

బ్లాక్‌చైన్‌లో ఏ లావాదేవీ అయినా అందరి కళ్లముందే జరుగుతుంది. రోజుకి ఎన్ని జరిగాయో, ఒక్కోదానికి ఎంత ఖర్చయిందో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు. మరి ఆ అంకెలు చూసి 'ఇన్ని లక్షలమంది వాడేస్తున్నారు' అని చెప్పేయొచ్చా? చిక్కంతా అక్కడే ఉంది!

అది 2017 నవంబరు నెలాఖరు. కెనడాలోని వాంకూవర్‌లో ఉన్న ఓ సంస్థ 'క్రిప్టోకిటీస్' అనే ఆట విడుదల చేసింది. కంప్యూటర్ తెరమీద కనిపించే బొమ్మపిల్లుల్ని కొనుక్కోవడం, రెండింటిని జతచేసి పిల్లల్ని పుట్టించడం, వాటిని ఇంకొకరికి అమ్ముకోవడం... ఆటంతా అంతే. కాకపోతే ప్రతి పిల్లీ ఇథీరియం అనే బ్లాక్‌చైన్ మీద నమోదైన ఆస్తి. జనం ఎగబడ్డారు. ఓ పిల్లి ఏకంగా లక్ష డాలర్లకు పైగా పలికింది. డిసెంబరు మొదటివారానికల్లా ఇథీరియం మీద నడిచే రాకపోకల్లో పదోవంతుకు పైగా ఈ పిల్లులవే!

ఇంకేముంది... నెట్‌వర్క్ కిక్కిరిసిపోయింది. తోటివారికి నాలుగు ఈథర్లు పంపుదామనుకున్నవాళ్లు వరసలో పడిగాపులు కాయాల్సి వచ్చింది. రుసుము పెరిగిపోయింది. బ్యాంకుల అవసరమే లేకుండా చేస్తుందని ఘనంగా చెప్పుకున్న టెక్నాలజీ బొమ్మపిల్లుల దెబ్బకి చతికిలపడింది.

నవ్వుకోవడానికి బాగానే ఉన్నా, ఆ ఘటన రెండు ప్రశ్నల్ని ముందుకు తెచ్చింది. ఒక బ్లాక్‌చైన్‌ను నిజంగా ఎంతమంది వాడుతున్నారు? వాడుకున్నందుకు వాళ్లు ఎంత కడుతున్నారు? ఈ రెండు అంకెల్నీ చూపించే నాణేలు అమ్ముతారు. వాటిని నమ్మే జనం డబ్బు పెడతారు. కాబట్టి అవెలా పుడతాయో తెలుసుకోవడం అవసరమే.

అందరికీ కనిపించే చిట్టా

బ్యాంకులో ఎవరు ఎవరికి ఎంత పంపారన్నది బ్యాంకుకే తెలుస్తుంది. బ్లాక్‌చైన్‌లో అలా కాదు. దాని చిట్టా నకళ్లు ప్రపంచవ్యాప్తంగా వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. 2009 జనవరిలో మొదలైన బిట్‌కాయిన్ అయినా, 2015 జులై 30న మొదలైన ఇథీరియం అయినా పద్ధతి ఒకటే. ఎథర్‌స్కాన్ లాంటి సైట్లోకి వెళ్తే ఏ అడ్రస్ నుంచి ఏ అడ్రస్‌కి ఎంత వెళ్లిందో, దానికి ఎంత రుసుము పట్టిందో సెకన్లతో సహా కనిపిస్తుంది. పేరు మాత్రం ఉండదు. అడ్రస్ అంటే ఇక్కడ ఇంటి చిరునామా కాదు, ఖాతా నంబరు లాంటి ఓ పొడవాటి అక్షరాల వరస.

చిట్టాలోకి కొత్త లావాదేవీలన్నీ కట్టలు కట్టలుగా చేరతాయి. ఆ కట్టనే బ్లాక్ అంటారు. బిట్‌కాయిన్‌లో సుమారు పది నిమిషాలకో బ్లాక్, ఇథీరియంలో ఇప్పుడు 12 సెకన్లకో బ్లాక్ తయారవుతుంది. ఒక్కో బ్లాకులో పట్టేది కొంతే. పెద్దది చేసేస్తే పోదా అంటే... పోదు. బ్లాకులు మరీ పెద్దవైతే వాటిని దాచుకుని సరిచూసే కంప్యూటర్లు ఖరీదైపోతాయి. అప్పుడు ఆ పని పెద్ద సంస్థలకే సాధ్యమవుతుంది. చిట్టా పదిమంది చేతుల్లో ఉండాలన్న అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది. అందుకే సీట్లు తక్కువ. పండగ రోజుల్లో ప్రైవేటు బస్సు టికెట్టు లాగే, ఎక్కేవాళ్లు ఎక్కువైతే రేటు పెరుగుతుంది.

గ్యాస్... వంటకి కాదు!

ఇథీరియంలో ఈ రుసుమును 'గ్యాస్' లెక్కన కొలుస్తారు. నెట్‌వర్క్ చేత ఎంత పని చేయిస్తే అంత గ్యాస్. ఒకరి నుంచి ఇంకొకరికి మామూలుగా ఈథర్ పంపడానికి 21,000 యూనిట్ల గ్యాస్ పడుతుంది. ఒక నాణేన్ని ఇచ్చి మరో నాణెం తీసుకోవడం లాంటి మెలికల పనులకు అంతకు కొన్ని రెట్లు ఖర్చవుతుంది. యూనిట్ ధరను 'గ్వెయ్'లలో చెబుతారు. వందకోట్ల గ్వెయ్‌లు కలిస్తే ఒక ఈథర్.

ఉదాహరణకి యూనిట్ ధర 20 గ్వెయ్‌లు ఉందనుకుందాం. 21,000ను 20తో గుణిస్తే 4,20,000 గ్వెయ్‌లు... అంటే 0.00042 ఈథర్. ఈథర్ ధర 2,000 డాలర్లయితే ఆ రుసుము 84 సెంట్లు. రద్దీ పెరిగి యూనిట్ ధర 200 గ్వెయ్‌లకు చేరితే అదే పనికి 8 డాలర్ల 40 సెంట్లు కట్టాలి.

ఇక్కడో విషయం గమనించాలి. పంపే మొత్తంతో ఈ రుసుముకు సంబంధమే లేదు. 50 లక్షల డాలర్లు పంపినవాడికీ 8.40 డాలర్లే, 50 డాలర్లు పంపినవాడికీ 8.40 డాలర్లే. మొదటివాడికి అది లెక్కలోకే రాదు. రెండోవాడికి మాత్రం పంపినదాంట్లో దాదాపు 17 శాతం. పైగా లావాదేవీ మధ్యలో విఫలమైనా అప్పటివరకూ ఖర్చయిన గ్యాస్‌కు డబ్బు పోతుంది. బస్సు సగం దారిలో ఆగిపోయినా టికెట్టు డబ్బులు వెనక్కి ఇవ్వరన్నమాట!

మొదట్లో ఈ ధర వేలంపాట పద్ధతిలో ఉండేది. పక్కవాడు ఎంత పాడుతున్నాడో సరిగ్గా తెలియక చాలామంది అవసరానికి మించి కట్టేవారు. 2021 ఆగస్టు 5న వచ్చిన మార్పుతో కనీస ధరను నెట్‌వర్కే నిర్ణయించడం మొదలైంది. బ్లాకులు సగానికి మించి నిండితే తర్వాతి బ్లాకులో ధర పెరుగుతుంది, తగ్గితే దిగుతుంది. ఒక్క విడతలో మార్పు 12.5 శాతం దాటదు. అలా వసూలైన కనీస రుసుము ఎవరి జేబులోకీ వెళ్లదు, శాశ్వతంగా చెలామణి నుంచి తొలగిపోతుంది. దీనివల్ల ఎంత కట్టాలో ముందే తెలిసే వీలు కలిగింది. అంతేగానీ, సీట్లు పెరగలేదు కాబట్టి టికెట్టు చవకైపోలేదు.

అడ్రస్‌లు వేరు... మనుషులు వేరు

ఏ బ్లాక్‌చైన్ గురించి గొప్పగా చెప్పాలన్నా ముందుగా చూపించే అంకె 'రోజువారీ యాక్టివ్ అడ్రస్‌లు'. ఆ రోజు కనీసం ఒక్క లావాదేవీలో పాల్గొన్న అడ్రస్‌లు ఎన్ని అన్నది దాని అర్థం. చాలామంది దాన్ని 'రోజువారీ వినియోగదారులు' అని చదివేసుకుంటారు.

బ్యాంకు ఖాతా తెరవాలంటే ఆధార్, పాన్, ఫొటో, సంతకం కావాలి. బ్లాక్‌చైన్‌లో అడ్రస్‌కి అవేమీ అక్కర్లేదు. పైసా ఖర్చు లేదు. ఒక్క మనిషి కూర్చుని వేల అడ్రస్‌లు సృష్టించుకోవచ్చు, చిన్న ప్రోగ్రామ్ రాసి వాటన్నిటి మధ్యా డబ్బు తిప్పుతూ ఉండొచ్చు. దీనికి తిరకాసు కూడా ఉంది. క్రిప్టో ఎక్స్ఛేంజీల్లో లక్షలమంది ఖాతాదారుల సొమ్ము కొద్దిపాటి అడ్రస్‌లలో ఉంటుంది. లోపల వాళ్లు ఎన్ని కొనుగోళ్లు, అమ్మకాలు జరిపినా చిట్టాకెక్కవు. అంటే... ఒకచోట ఒక్కడే వెయ్యిమందిలా కనిపిస్తాడు, ఇంకోచోట వెయ్యిమందీ ఒక్కడిలా కనిపిస్తారు.

ఉచిత పంపకాలు మొదలయ్యాక ఈ గందరగోళం మరింత పెరిగింది. 2020 సెప్టెంబరులో యూనిస్వాప్ అనే వేదిక, అప్పటికే తమను వాడిన ప్రతి అడ్రస్‌కీ 400 యూనీ నాణేలు ఉచితంగా పంచింది. ఒక్కో అడ్రస్‌కి వెయ్యి డాలర్లకు పైనే ముట్టింది. ఆ సంగతి తెలిశాక ఊరుకుంటారా? రేపు ఇంకెవరో పంచుతారన్న ఆశతో కొత్త నెట్‌వర్క్ కనపడితే చాలు, పదుల సంఖ్యలో అడ్రస్‌లు తెరిచి అటూ ఇటూ డబ్బు తిప్పడం కొందరికి వృత్తిగా మారింది. ఒకే ఇంట్లో పది బోగస్ రేషన్ కార్డులు ఉన్నట్టే! 2023 మార్చి 23న ఆర్బిట్రమ్ తన నాణేల్ని పంచినప్పుడు అనుమానాస్పదమైన అడ్రస్‌లను ఏరేసి 6 లక్షల పైచిలుకు అడ్రస్‌లను అర్హులుగా తేల్చింది. 2024లో లేయర్‌జీరో సంస్థ పంపకానికి ముందు వడపోత పెడితే 8 లక్షలకు పైగా అడ్రస్‌లు బోగస్ అన్న అనుమానం కిందికి వచ్చాయి. వడపోతకు ముందు అవన్నీ 'వినియోగదారుల' లెక్కలో ఉన్నవే.

లావాదేవీల సంఖ్యదీ అదే తంతు. సొలానా నెట్‌వర్క్‌నే తీసుకుంటే, బ్లాకులు సరైనవేనని నెట్‌వర్క్‌ను నడిపే కంప్యూటర్లు వేసే ఓట్లు కూడా అక్కడ లావాదేవీలుగానే నమోదవుతాయి. వాటిని కలిపి చెబితే ఒక అంకె, తీసేసి చెబితే అందులో కొంతే. రెండూ అబద్ధం కాదు. కానీ ఏది చెబుతున్నారో చెప్పకపోతే వినేవాడు మోసపోతాడు.

సగటు చేసే మాయ

'అడ్రస్‌లు బోగస్ కావచ్చు, రుసుము మాత్రం ఎవరో ఒకరు జేబులోంచి కట్టిందే కదా' అంటారు విశ్లేషకులు. నిజమే, అబద్ధమాడటానికి ఖర్చు పెట్టాల్సి వస్తే అబద్ధాలు తగ్గుతాయి. అందుకే రుసుము కాస్త నమ్మదగ్గ ఆధారం. కానీ దాన్ని చూసే పద్ధతిలోనూ పొరపాటు దొర్లుతుంది.

2020 జూన్ 10న ఇథీరియం మీద ఓ వింత జరిగింది. ఎవరో 0.55 ఈథర్ పంపారు. అప్పటి ధరలో అది 130 డాలర్ల పైచిలుకు. అందుకు కట్టిన రుసుము 10,668 ఈథర్లు... దాదాపు 26 లక్షల డాలర్లు! ఒక్క లావాదేవీ ఆ రోజు మొత్తం సగటునే పైకి లాగేసింది. ఆ సగటును చూసినవాళ్లకి నెట్‌వర్క్ మీద రద్దీ హఠాత్తుగా పెరిగిపోయినట్టే అనిపిస్తుంది.

ఇలాంటిచోట హైస్కూలు లెక్కల్లో చదివిన 'మధ్యగతం' ఆదుకుంటుంది. 99 మంది తలో రూపాయి, ఒక్కడు పదివేలు కడితే సగటు దాదాపు 101 రూపాయలు. ఆ ధర కట్టినవాడు ఒక్కడూ లేడు! అందరినీ వరసగా నిలబెట్టి మధ్యలో ఉన్నవాడిని అడిగితే 'రూపాయి' అంటాడు. సామాన్యుడికి ఎంత పడిందో చెప్పేది ఆ రూపాయే. మొత్తం వసూళ్లు తెలియాలంటే సగటు కావాలి, సామాన్యుడి ఖర్చు తెలియాలంటే మధ్యగతం చూడాలి.

ఒక్క రోజును చూసి తీర్పు చెప్పడమూ ప్రమాదమే. 2024 ఏప్రిల్ 20న బిట్‌కాయిన్ 8,40,000వ బ్లాకుకు చేరింది. ఆ బ్లాకుతో కొత్త నాణేల బహుమతి సగానికి, అంటే 3.125 బిట్‌కాయిన్లకు తగ్గింది. సరిగ్గా అప్పుడే 'రూన్స్' అనే కొత్తరకం టోకెన్లు మొదలయ్యాయి. మొదటి టోకెన్లు తమవే కావాలని జనం పోటీపడి కట్టడంతో ఆ ఒక్క బ్లాకులోనే రుసుముల రూపంలో 37 బిట్‌కాయిన్లకు పైగా వసూలైంది. అసలు బహుమతికి పన్నెండు రెట్లు! కొద్దిరోజుల్లోనే ఆ వేడి చల్లారింది. ఆ రోజు అంకెను పట్టుకుని 'బిట్‌కాయిన్ వాడకం ఇంత ఖరీదు' అనేస్తే తప్పుకాదూ?

వరస వదిలి వెళ్లినవాళ్లు

అన్నిటికన్నా పెద్ద లోపం ఇంకోటుంది. రుసుము కట్టినవాళ్లే చిట్టాలో కనిపిస్తారు. కట్టలేక వెళ్లిపోయినవాళ్లు ఏ పట్టికలోనూ ఉండరు.

కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ 2016లో బిట్‌కాయిన్‌తో చెల్లింపులు అనుమతించింది. అప్పట్లో ఒక్కో లావాదేవీకి రుసుము 20 సెంట్ల చిల్లర. 2017 డిసెంబరు నాటికి అది 20 డాలర్ల దాకా వెళ్లింది. ఆట ధరకన్నా రుసుమే ఎక్కువైతే కొనేదెవరు? స్టీమ్ బిట్‌కాయిన్‌కు నమస్కారం పెట్టేసింది. అదే నెలలో బిట్‌కాయిన్ సగటు రుసుము 50 డాలర్లు దాటింది. చార్టులో మాత్రం ఆ నెల బిట్‌కాయిన్‌కి మహర్దశ... బ్లాకులు నిండుగా, వసూళ్లు రికార్డుగా!

ఇథీరియం కథా అంతే. 2021 మే నెలలో ఒక దశలో సగటు రుసుము 70 డాలర్ల దగ్గరికి చేరింది. అయినా రోజువారీ లావాదేవీల సంఖ్య పడిపోలేదు. సీట్లు ఎప్పుడూ నిండుగానే ఉన్నాయి. లోపల కూర్చున్నవాళ్లు మారారు. యాభై డాలర్లు పంపేవాడు దిగిపోయాడు, లక్షల్లో వ్యాపారం చేసేవాడు ఎక్కాడు. చిన్న మొత్తాల్లో డాలర్ టోకెన్లు పంపేవాళ్లు ట్రాన్ లాంటి చవకైన నెట్‌వర్కులకు తరలిపోయారు. బొమ్మపిల్లుల ఆట తయారుచేసిన బృందం కూడా 'ఫ్లో' పేరుతో సొంత బ్లాక్‌చైన్ కట్టుకుంది.

ఇది ఎంతదాకా వెళ్లిందో చెప్పడానికి 2022 మే 1 ఒక్కటి చాలు. యుగా ల్యాబ్స్ అనే సంస్థ ఊహాలోకంలో 55,000 స్థలాలను అమ్మకానికి పెట్టింది. గంటల వ్యవధిలో గ్యాస్ రుసుములకే 15 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. కొందరు స్థలం ధరకన్నా రుసుమే ఎక్కువ కట్టారు. మరికొందరికి స్థలమూ దక్కలేదు, రుసుమూ పోయింది. లావాదేవీలు విఫలమైనవాళ్లకి గ్యాస్ ఖర్చు తిరిగిస్తామని సంస్థ ప్రకటించాల్సి వచ్చింది. ఆ స్థలాలతో ఏ సంబంధమూ లేకుండా ఆ కాసేపట్లో ఎవరికో డబ్బు పంపాలనుకున్నవాడూ అదే ధర ఎదుర్కొన్నాడు.

చవకైతే చాలా?

2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన నడిచే పద్ధతినే మార్చుకుంది. కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. దాంతోపాటే రుసుమూ తగ్గిపోతుందని చాలామంది ఆశపడ్డారు. తగ్గలేదు. ఎందుకంటే ఆ మార్పు ఇంజిన్‌కి సంబంధించింది, సీట్లకు కాదు.

రుసుము నిజంగా దిగింది వేరే దారిలో. ఆర్బిట్రమ్, ఆప్టిమిజం, బేస్ లాంటి 'రెండో అంచె' నెట్‌వర్కులు వందల లావాదేవీలను విడిగా నడిపించి, ఆ వివరాలను కుదించి ఒకే మూటగా ఇథీరియం మీద నమోదు చేస్తాయి. షేర్ ఆటోలో ఛార్జీ పంచుకున్నట్టు, ఒక్క రుసుమును అందరూ పంచుకుంటారన్నమాట. 2024 మార్చి 13న వచ్చిన మార్పు ఈ మూటలకు ప్రత్యేకంగా చవకైన చోటు కల్పించింది. దాంతో చాలా రెండో అంచె నెట్‌వర్కుల్లో ఖర్చు పదోవంతుకన్నా దిగువకు పడిపోయి, సెంట్లలోకి వచ్చేసింది. సొలానాలో అయితే మొదటినుంచీ ఒక సంతకానికి కనీస రుసుము 0.000005 సోల్ మాత్రమే.

యాభై డాలర్లు పంపేవాడికి ఇది నిజంగా మంచి కబురే. లెక్కలు చూసేవాళ్లకి మాత్రం కొత్త తలనొప్పి. రుసుము తగ్గిందంటే అబద్ధమాడే ఖర్చు కూడా తగ్గినట్టే కదా! చవకైన నెట్‌వర్కులో బాట్లు రోజంతా లావాదేవీలు జరుపుతాయి, యాక్టివ్ అడ్రస్‌లు లక్షల్లో పెరుగుతాయి.

అందులో కొన్ని జేబులు కొట్టేవీ ఉంటాయి. పొడవాటి అడ్రస్‌ను ఎవరూ పూర్తిగా చదవరు. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరిపెట్టుకుంటారు. మోసగాళ్లు అచ్చం అలాగే మొదలై, అలాగే ముగిసే అడ్రస్ సృష్టించి దాన్నుంచి కాస్త చిల్లర పంపిస్తారు. అది బాధితుడి పాత లావాదేవీల జాబితాలో చేరుతుంది. మరోసారి డబ్బు పంపేటప్పుడు అతను ఆ జాబితాలోంచి పొరపాటున దాన్నే కాపీ చేసుకుంటే... అయిపోయినట్టే. 2024 మే నెలలో ఓ వ్యక్తి ఇలాగే దాదాపు 6.8 కోట్ల డాలర్ల విలువైన టోకెన్లను దొంగ అడ్రస్‌కి పంపేశాడు. తర్వాత బేరసారాలు నడిచి సొమ్ము చాలావరకూ వెనక్కి వచ్చింది గానీ, అందరికీ ఆ అదృష్టం ఉండదు. విచిత్రమేంటంటే... ఎర వేయడానికి పంపే ఆ చిల్లర లావాదేవీలన్నీ కూడా 'పెరుగుతున్న వాడకం' కిందే లెక్కకొస్తాయి.

మన దగ్గర...

యూపీఐతో పది రూపాయలు పంపినా పైసా కట్టక్కర్లేని దేశం మనది. 2020 జనవరి నుంచి దుకాణదారు మీద కూడా ఆ ఛార్జీ లేదు. అలాగని అది ఉచితంగా నడవట్లేదు, ఆ ఖర్చును బ్యాంకులూ ప్రభుత్వమూ మోస్తున్నాయి. బ్లాక్‌చైన్‌లో ఆ ఖర్చు వాడేవాడి కళ్లముందే కనిపిస్తుంది.

ఇక్కడివాళ్లకి నెట్‌వర్క్ రుసుము ఒక్కటే కాదు. ఎక్స్ఛేంజీ తీసుకునే ఛార్జీ వేరు. క్రిప్టో లాభాల మీద 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను, జులై 1 నుంచి అమ్మకం విలువ మీద 1 శాతం టీడీఎస్ వేరు. ఆ ఒక్క శాతం మొదలవగానే దేశీయ ఎక్స్ఛేంజీల్లో వ్యాపారం బాగా పడిపోయింది, కొంత విదేశీ వేదికలకు తరలిపోయింది. ఖర్చు పెరిగితే జనం మాయమైపోరు, కనిపించని చోటికి వెళ్తారని చెప్పడానికి ఇదీ ఓ నిదర్శనమే.

కాబట్టి 'మా నెట్‌వర్క్‌లో రోజూ పది లక్షలమంది' అంటూ ఎవరైనా వచ్చి నాణేలు కొనమంటే కొన్ని ప్రశ్నలు అడగాల్సిందే.

* అవి అడ్రస్‌లా, మనుషులా? బోగస్‌లను ఎలా ఏరేశారు?

* లావాదేవీల్లో ఓట్లు, బాట్ల పనులు తీసేస్తే ఎన్ని మిగులుతాయి?

* రుసుము చెప్పేటప్పుడు సగటు చెబుతున్నారా, మధ్యగతమా? ఏ రకం పనికి? డాలర్లలోనా, నాణేల్లోనా? నాణెం ధర పడిపోతే వాడకం మారకుండానే డాలర్లలో రుసుము తగ్గినట్టు కనిపిస్తుంది.

* వాడకం పెరిగిన రోజున వసూలైన మొత్తం రుసుము కూడా పెరిగిందా? తలలు పదింతలై, వసూళ్లు ఉన్నచోటే ఉంటే అనుమానించాల్సిందే.

* ఉచిత పంపకం ఏమైనా ఉందా? అది అయిపోయిన మూడు నెలల తర్వాత అవే అడ్రస్‌లలో ఎన్ని తిరిగి వచ్చాయి?

వీటికి జవాబులు ఎవరినో బతిమాలి తెచ్చుకోవాల్సినవి కావు. చిట్టా తెరిచే ఉంది. అడిగినవాడికి చూపించకుండా మాట దాటేస్తున్నారంటే... పర్సు తీయకపోవడమే మంచిది.